మాట సాఫ్ లేదు: ఉధ్నాలో డిస్కులు కొట్టిన రోజులు

నేను పదిహేనేళ్లు చేసిన పని ఇప్పుడు ఎవరూ చేయరు. అయినా దాని గురించి రాయమని సూరత్ పాండేసరాలో పెళ్లి వీడియోల స్టూడియో పెట్టుకున్న మన పిల్లలు వెంటపడ్డారు. పోయిన పని గురించి చదివి ఏం చేసుకుంటారని అడిగాను. "కాకా, మిషన్లు మారినయ్ గని కస్టమర్లు గాళ్లే ఉన్నరు గద" అన్నాడు వాళ్లలో ఒకడు. ఆ ముక్క నాకు నచ్చింది. అందుకే కూర్చున్నాను.

షాపుకు ఎంత అద్దె, నా జీతం ఎంత, ఏ కంప్యూటర్ మీద చేశాను, ఇవేవీ రాయను. వాటివల్ల మీకు ఉపయోగం లేదు. నేను చేసిన తప్పులు మాత్రం పనికొస్తాయి. వాటిలో ఒకటి పెద్దది. ఒక తండ్రికి ఆదివారం లోపల తన బిడ్డ మనసులో ఏముందో తెలియాల్సి వచ్చింది. ఆ బిడ్డ మాట నా చేతిలో ఉంది. దాన్ని నేను ఒకటికి మూడుసార్లు పాడు చేశాను. అసలు చెప్పాలనుకున్నది అదే, మిగతావి దారిలో తగులుతాయి.

ఏం పని అది

నాది సిరిసిల్ల పక్క పల్లె. సూరత్ వచ్చి మొదటి రెండేళ్లు మగ్గాల మీద చేశాను. మగ్గానికీ నాకూ పొసగలేదు. నేను చూస్తున్నప్పుడు నడిచేది, తల తిప్పితే పోగు తెంపుకునేది. మూడో ఏట ఉధ్నాలో ఒక క్యాసెట్ల షాపులో చేరాను. తర్వాత క్యాసెట్లు పోయి డిస్కులు వచ్చాయి.

మా వాళ్ల గదులు మీకు తెలుసు. ఒక గదిలో ఎనిమిది మంది, రెండు షిఫ్టులు, ఒక టీవీ, దాని మీద ఒక చవక డీవీడీ ప్లేయరు. కంప్యూటర్ ఎవరికీ లేదు. ఊరి నుంచి ఫోన్ మెమరీ కార్డులో పెళ్లి వీడియో వచ్చినా, బతుకమ్మ ఆట వచ్చినా, అది ఆ ప్లేయర్‌లో ఆడాలంటే నా దగ్గరికి రావాల్సిందే. వీడియోను చిన్నగా నొక్కి, ప్లేయరుకు అర్థమయ్యే పద్ధతిలోకి మార్చి, డిస్కు మీద ఎక్కించాలి. దీన్ని మేము 'రైట్ చేయడం' అనేవాళ్లం. కస్టమర్లు మాత్రం 'కొట్టియ్యి' అనేవాళ్లు. "మల్లేశం, గిది జర డిస్కు కొట్టియ్యి." కొబ్బరికాయ కొట్టినంత సులువుగా అడిగేవాళ్లు.

సినిమాలు కూడా కొట్టాను. దాచడం ఎందుకు, వాటిలో ఒక్కదాని మీదా నాకు హక్కు లేదు. అప్పుడు అందరూ చేశారు కాబట్టి నేనూ చేశానని చెప్పుకుంటే సిగ్గుగానే ఉంటుంది. మీరు ఆ జోలికి పోకండి.

ధన్‌సుఖ్‌భాయ్ బల్ల

షాపు యజమాని ధన్‌సుఖ్‌భాయ్. మనిషి లావు, మాట తక్కువ, టీ ఎక్కువ. కంప్యూటర్ ముట్టుకునేవాడు కాదు. కానీ నాకు పని నేర్పింది ఆయనే.

మొదట్లో నేను డిస్కు కొట్టి, కంప్యూటర్లో పెట్టి చూసి, ఆడుతోంది కదా అని ఇచ్చేసేవాణ్ణి. మర్నాడు పొద్దున్నే పది మంది వెనక్కి తెచ్చేవాళ్లు. ఒకరి ప్లేయర్ బొమ్మ చూపించదు, ఒకరిది అసలు డిస్కునే గుర్తుపట్టదు. మీ ప్లేయర్ మంచిది కాదు అని నేను వాదించేవాణ్ణి. నాలుగు రోజులు చూశాక ధన్‌సుఖ్‌భాయ్ నన్ను పిలిచాడు.

"మల్లేశ్, కంప్యూటర్ మే తో సబ్ చల్తా హై. ఘరాక్ కే ఘర్ మే చలా క్యా?"

నా కంప్యూటర్లో ఆడితే ఏం లాభం, కొన్నవాడి ఇంట్లో ఆడిందా అని. ఆ వారమే ఆయన పాత సామాన్ల వాళ్ల దగ్గర నాలుగు ప్లేయర్లు కొనుక్కొచ్చి బల్ల మీద వరసగా పెట్టాడు. నాలుగూ పనికిమాలినవే. ఒకదానికి మూత సరిగా పడదు, ఇంకోటి వేడెక్కితే మొండికేస్తుంది. ఏ డిస్కైనా ఆ నాలుగింట్లో ఆడితేనే బయటికి పోవాలన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ నెల తిరిగేసరికి వెనక్కి వచ్చే డిస్కులు రోజుకు ఒకటో రెండో అయ్యాయి.

ఇంకో సంగతి కూడా ఆయనే పట్టుకున్నాడు. జనం నిలబడి ఉన్నారని నేను అన్నిటికన్నా ఎక్కువ వేగంతో రైట్ చేసేవాణ్ణి. అలా చేసిన డిస్కు చవక ప్లేయర్లో సగం దాకా పోయి నత్తి కొట్టేది. నిదానంగా రైట్ చెయ్యి, ఆలోపు కస్టమర్‌కు టీ చెప్పు అన్నాడు. ఆ టీల ఖర్చు ఆయనదే. అలా టీ తాగుతూ కూర్చున్నవాళ్లే నాకు ఊళ్ల సంగతులన్నీ చెప్పారు.

అప్పగింతలు ముందు, పెండ్లి తర్వాత

ఇది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం దెబ్బలు తప్పితే చాలనుకున్నాను.

బమ్రోలిలో ఉండే ఐలయ్య మేనకోడలి పెళ్లి ఊళ్లో అయింది. సెలవు దొరక్క ఐలయ్య వెళ్లలేకపోయాడు. వీడియో పన్నెండు ముక్కలుగా వచ్చింది. నేను ఒకటి, రెండు, మూడు అని పన్నెండు దాకా పేర్లు పెట్టి డిస్కు కొట్టి ఇచ్చాను. అంతకుముందు ఒకసారి తెలుగు అక్షరాల్లో పేర్లు పెడితే ప్లేయర్ వరసగా ప్రశ్న గుర్తులు చూపించింది. అందుకని ఈసారి అంకెలే పెట్టి, తెలివైన పని చేశానని మురిసిపోయాను. తొందరలో మొదటి ముక్క మాత్రమే ఆడించి చూశాను.

ఐలయ్య ఆదివారం మధ్యాహ్నం వరస గదుల్లోని వాళ్లందరినీ పిలిచాడు. నన్నూ పిలిచాడు. చాపలు పరిచారు, మిక్చర్ పెట్టారు. ఒకటో ముక్కలో పందిరి వేస్తున్నారు, బాగుంది. దాని తర్వాత ప్లేయర్ పదో ముక్క ఎత్తుకుంది. ఒకటి తర్వాత సున్నా కనబడేసరికి, అది రెండు కన్నా ముందు వస్తుందని దాని లెక్క. పదో ముక్కలో అప్పగింతలు. పిల్ల తల్లిని పట్టుకుని ఏడుస్తోంది. పదకొండులో అత్తారింటి గడప దాటింది. పన్నెండులో భోజనాలైన గిన్నెలు కడుగుతున్నారు. అప్పుడు రెండో ముక్క వచ్చి, పిల్లకు పసుపు రాయడం మొదలుపెట్టారు.

కొడుకు దగ్గరే ఉంటూ తనూ పెళ్లికి పోలేకపోయిన ఐలయ్య తల్లి ముందు వరసలో కూర్చుంది. కాసేపు ఓపిక పట్టి కొడుకు వైపు తిరిగింది.

"ఏంది బిడ్డా, అత్తగారింటికి పోయొచ్చినంక లగ్గం చేస్తున్నరా?"

"సిస్టం మారిందే అవ్వా" అన్నాడు వెనక నుంచి ఎవరో. గది గదంతా పడి పడి నవ్వింది. ఐలయ్య నా వైపు చూసిన చూపు మాత్రం మిక్చర్‌ను నా గొంతులోనే ఆపేసింది.

అప్పటి నుంచి ఒకటికి ముందు సున్నా పెట్టడం నేర్చుకున్నాను. మొదటి ముక్క చూసి డిస్కు మొత్తం చూశామనుకోకూడదని కూడా ఆ రోజే తెలిసింది. ఈ రెండోది నేను పూర్తిగా నేర్చుకోలేదని తర్వాత తేలింది.

జాగా మీద ఆశ

మామూలుగా ఒక డీవీడీలో ఒక సినిమా పడుతుంది. నొక్కితే నాలుగు పడతాయి. నేను ఎనిమిది పెట్టేవాణ్ణి. ఉధ్నా మొత్తంలో ఎనిమిది పెట్టే వాణ్ణి నేనొక్కణ్ణే అని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఊరి బయట దూరంగా ఉన్న జోల్వా నుంచి కూడా వచ్చి తీసుకెళ్లేవాళ్లు.

నొక్కడం అంటే ఏమిటో మన వాళ్లకు చెప్పడం సులువు. పేక పోగులు తగ్గించి నేసిన బట్ట లాంటిది అది. మడత పెట్టి చూపిస్తే మంచి బట్టలాగే ఉంటుంది. వెలుతురుకు పట్టి చూస్తేనే పలుచన తెలుస్తుంది.

వీడియోలో కదలని చోట పాత బొమ్మనే మళ్లీ వాడుకుంటారు. గోడ, తలుపు, మంచం, వీటిని ఒకసారి రాస్తే చాలు. కదిలే చోటు మాత్రమే మళ్లీ మళ్లీ రాయాలి. జాగా తగ్గించే కొద్దీ ముందు దెబ్బ తినేది ఆ కదిలే చోటే. నేను ఇంకో అడుగు ముందుకేసి, సెకనుకు ఇరవై ఐదు బొమ్మలుంటే అందులో సగం తీసేసేవాణ్ణి. పాటల్లో కాళ్లు కాస్త అలుక్కుపోయేవి, అంతే. ఎవరూ ఏమీ అనలేదు. మనిషి ముఖంలో అన్నిటికన్నా ఎక్కువ కదిలేవి పెదాలని నాకు అప్పటికి తట్టలేదు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ఫోన్లో తీసిన ప్రతి వీడియో చివర్లో ఒకటే తంతు. తీస్తున్నవాడు ఆపే బటన్ కోసం వెతుక్కుంటాడు. ముక్కో, బొటనవేలో తెర నిండా కనిపిస్తుంది, మాట ఉండదు. అది పనికిరాని ముక్క అని చూసీ చూడకుండానే కత్తిరించేవాణ్ణి. శుభ్రంగా పని చేసే వాణ్ణని పేరు కూడా వచ్చింది.

నర్సయ్య డిస్కు

నర్సయ్య పాతికేళ్లుగా మగ్గాల మీద ఉన్నవాడు. నాకన్నా ఐదారేళ్లు పెద్ద. తెల్ల బనీను, భుజాన తువ్వాలు, మాట మెత్తన. మనం మాట్లాడుతుంటే కళ్లార్పకుండా మన ముఖమే చూస్తాడు. ఎంత శ్రద్ధగా వింటాడో అని అనుకునేవాణ్ణి.

ఒక మంగళవారం వచ్చి మెమరీ కార్డు ఇచ్చాడు. ఊళ్లో ఉన్న ఆయన బిడ్డ సుజాత మాట్లాడిన వీడియో అందులో ఉంది. సంగతి ఆయనే చెప్పాడు.

"మా రూముల రాజేశం లేడా, ఆయన కొడుక్కు మా సుజాతను అడుగుతున్నరు. అయితారం పొద్దుగాల పెద్దమనుషులను పిలిచి పూలు పండ్ల ముచ్చట ఖాయం చేస్తమంటున్నరు. ఇంటిది సరే అన్నదంట. బామ్మర్ది సరే అన్నడంట. నేనే అన్న, బిడ్డ నోటితోని చెప్పాలె, గప్పుడే మాటిస్త అని."

"ఫోన్ చేసి అడగరాదే అన్నా?"

"మా రూముల సిగ్నల్ ఉండది" అన్నాడు.

నేను ఆ వీడియోను ఆయన అడిగిన సినిమాలతో కలిపి ఒకే డిస్కులో కొట్టాను. అన్నిటితోపాటు దాన్నీ నొక్కాను, అన్నిటిలాగే దాని తోక కూడా కత్తిరించాను. బుధవారం పొద్దున డిస్కు పట్టుకుని మళ్లీ వచ్చాడు.

"మాట సాఫ్ లేదు, మల్లేశం."

నేను శబ్దం పెంచి ఇంకో డిస్కు కొట్టాను. గురువారం మళ్లీ వచ్చాడు. అదే మాట, సాఫ్ లేదు. నేను ఇంకా పెంచాను. శుక్రవారం మూడోసారి వచ్చేసరికి నా ఓపిక పోయింది. అప్పుడు షాపులో అంబవ్వ ఉంది. నర్సయ్య పనిచేసే షెడ్డులోనే ఆమె బాబిన్లు చుడుతుంది. వారం వారం సీరియల్ డిస్కుల కోసం వచ్చేది. ఇంకో ఇద్దరు మగవాళ్లు కూడా టీ తాగుతూ కూర్చున్నారు.

"చెవులు చూపించుకో అన్నా" అని నవ్వుతూ అన్నాను. కంప్యూటర్ వైపు తిరిగే ఆ మాట అన్నాను. ఆయన ఏమీ అనలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. డిస్కును బల్ల మీది ప్లేయర్లో పెట్టి, టీవీ శబ్దం చివరి దాకా పెంచాను. సుజాత గొంతు రోడ్డు అవతల టీ కొట్టు దాకా వినిపించింది.

"బాపూ, నాకిష్టమే. నువ్వెట్లంటె అట్లనే. నువ్వేం ఫికర్ చేయకు."

వీడియోలో ఆ పిల్ల నిలబడి ఉంది. ఆమె వెనక మంచం మీద తల్లి, మేనమామ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఫోన్‌ను ఎదురుగా ఏ గూట్లోనో నిలబెట్టినట్టున్నారు.

టీ తాగుతున్నవాళ్లు నర్సయ్య వైపు చూసి నవ్వారు. పిల్ల ఒప్పుకుంది, శుభం అన్నట్టు. నర్సయ్య మాత్రం ముఖం తెరకు దగ్గరగా పెట్టి, కళ్లు చికిలించి చూస్తున్నాడు. అయిపోయాక మా వైపు తిరిగాడు.

"సూసిన్రా? సాఫ్ లేదు గద."

అంబవ్వ అబద్ధం

నాకు అప్పుడు అర్థమైంది. అర్థమైన మరుక్షణమే నోరు తెరిచాను. ఏమి అనబోయానో నిజంగా గుర్తులేదు, మంచి మాట మాత్రం కాదు. అంతలో అంబవ్వ లేచి, నర్సయ్యకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"అవునే అన్నా, సాఫ్ లేదు. నాక్కూడ ఒక్క ముక్క సమజ్ కాలె. ఈ మల్లేశం పని గిట్లనే ఉంటది." నా వైపు తిరిగి, "రేపటికి మంచిగ చేసియ్యి" అంది.

"అవునవును, ఏం ఇనవడలె" అన్నాడు టీ తాగుతున్న వాళ్లలో ఒకడు. రెండోవాడు తలూపాడు. చెవులు పగిలేంత గట్టిగా విన్న మనుషులు వాళ్లు.

నేను కూడా అన్నాను. "తప్పు నాదే అన్నా. రేపు రా."

నర్సయ్య వెళ్లాక అంబవ్వ చెప్పింది. ఆయనకు మూడేళ్లుగా రెండు చెవులూ వినిపించవు. పాతికేళ్ల మగ్గాల చప్పుడు. షెడ్డులో మగ్గాలు నడుస్తున్నప్పుడు ఎవరికీ ఏమీ వినపడదు కాబట్టి, అక్కడ అందరూ గొంతు లేకుండా పెదాలతోనే మాట్లాడుకుంటారు. నేను చేసిన రెండేళ్లలో నాకు ఆ విద్య నాలుగు మాటల కన్నా ఎక్కువ అబ్బలేదు. నర్సయ్యకు బయట కూడా అదే ఆధారం.

"చెవుడని సేఠ్‌కు తెలిస్తె మగ్గాల మీది నుంచి తీసి బట్ట తాకాలు మోసే పనిల ఏస్తడని భయం" అంది.

"మరి మీకెట్ల తెలుసక్కా?"

"షెడ్ల అందరికీ ఎరుకే. ఎవ్వలకు ఎరుక లేదని ఆయన అనుకుంటడు. మేం గట్లనే అనుకోనిస్తం."

ఇప్పుడు నాకు అన్నీ ఒక్కొక్కటిగా తెలిసొచ్చాయి. గదిలో సిగ్నల్ లేకపోవడం, కళ్లార్పకుండా నా ముఖం చూడటం, నేను అటు తిరిగి అన్నదానికి బదులివ్వకపోవడం. 'మాట సాఫ్ లేదు' అని ఆయన అన్నది బొమ్మ గురించి. పెదాలు అలికేసి పెట్టింది నేను. నేనేమో మూడు రోజులు ఒక చెవిటివాడికి శబ్దం పెంచుతూ కూర్చున్నాను. నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

"అక్కా, పిల్ల ఒప్పుకుంది కదా. ఒక కాగితం మీద రాసి ఇచ్చేద్దాం, ఆయనకు తిప్పలు తప్పుతాయి" అన్నాను.

"నువ్వు రాస్తె ఆయన గుట్టు నీకు తెలిసినట్టే గద. అయినా బిడ్డ మాట తండ్రికి బిడ్డ చెప్పాలె. నడుమ నువ్వెవలు?"

గట్టిగానే అంది. అప్పుడు నాకు నచ్చలేదు. ఆమె మాట విని ఆ కాగితం రాయకపోవడం నా పదిహేనేళ్లలో నేను చేసిన మంచి పనుల్లో మొదటిది.

శనివారం

ఆ సాయంత్రమే పని మొదలుపెట్టాను. ఆ పిల్ల వీడియో ఒక్కటే డిస్కులో. సినిమాలు లేవు, నొక్కడం లేదు, ఒక్క బొమ్మ కూడా తీసేయలేదు. తోక దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అలవాటుగా కత్తెర మీదికి పోయింది. కానీ ఈ వీడియో విషయంలో నా తెలివితేటల మీద నాకే నమ్మకం పోయి ఉంది. కార్డులో ఎలా ఉందో అలాగే, మొదటి నుంచి చివరి దాకా మొత్తం ఎక్కించాను.

శనివారం మధ్యాహ్నం నర్సయ్య వచ్చాడు. అంబవ్వ కూడా ఏదో పనున్నట్టు వచ్చి కూర్చుంది. టీవీకి బొమ్మ వచ్చే పసుపుపచ్చ వైరు ఒక్కటే పెట్టాను. శబ్దం వచ్చే ఎరుపు, తెలుపు వైర్లు పెట్టలేదు. ఒకరింటి పిల్ల మాట నిన్న రోడ్డంతా విన్నది చాలు అనిపించింది.

తెర మీద సుజాత ముఖం ఈసారి స్పష్టంగా ఉంది. నాకిష్టమే అన్న చోట నర్సయ్య తలూపాడు. ముఖంలో సంతోషమూ లేదు, బాధా లేదు. మాట అయిపోయింది. నిన్నటి డిస్కు అక్కడే ఆగిపోయింది.

ఇది ఆగలేదు. సుజాత ఫోన్ ఆపడానికి నడిచి వచ్చింది. తల్లీ మేనమామా ఆమె వీపు వెనక ఉండిపోయారు. ముఖం దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చి తెర నిండా నిండింది. చెయ్యి బటన్ కోసం వెతుకుతోంది. వెతుకుతూనే ఆ పిల్ల పెదాలు కదిలాయి. గొంతు వాడలేదు. నెమ్మదిగా, ఒక్కొక్క మాట విడదీసి చెప్పింది. తర్వాత తెర నల్లబడింది.

అంబవ్వ ఠక్కున ముఖం రోడ్డు వైపు తిప్పుకుంది. ఆమెకు ఆ భాష బాగా వచ్చు. ఇద్దరు గుసగుసలాడుకుంటుంటే మర్యాదస్తులు పక్కకు జరిగినట్టు జరిగింది.

"ఇంకోపారి పెట్టు" అన్నాడు నర్సయ్య.

పెట్టాను. ఈసారి చివరి ముక్క వచ్చేసరికి ఆయన లేచి నిలబడ్డాడు. ఆయన పెదాలు కూడా ఆమెతోపాటు కదిలాయి.

"వద్దంటుంది" అన్నాడు.

నేను ఆగలేకపోయాను. "మరి ఇష్టమే అన్నది కదన్నా ముందు?"

అలా అనడంతో నిన్న నేను విన్న సంగతి బయటపడిపోయింది. ఆయన పట్టించుకోలేదు, లేక పట్టించుకోనట్టు ఉన్నాడు.

"అది మందికి చెప్పింది. నాకు చెప్పింది గిది."

తర్వాత కుర్చీలో కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. సుజాత పన్నెండేళ్లు వచ్చేదాకా ఇక్కడే పెరిగిందట. రోజూ షెడ్డుకు టిఫిన్ తెచ్చి, మగ్గాల మధ్య నిలబడి తండ్రితో పెదాలతో మాట్లాడేదట. "షెడ్ల అందరికన్న సాఫ్ మాట్లాడేది" అన్నాడు. ఎందుకు వద్దంటుందో చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ ముక్కను నేను మూడుసార్లు కత్తిరించాను. కాగితం మీద 'ఒప్పుకుంది' అని రాసి ఇవ్వబోయాను. మీకు నేను చెప్పగలిగింది ఇంతే. మీకు పనికిరానిదిగా కనిపించిన ముక్క ఎవరికి పనికొస్తుందో మీకు తెలియదు. కత్తిరించే ముందు సొంతదారుని అడగండి. అడగడానికి సిగ్గుపడకండి.

సోమవారం

ఆదివారం పొద్దున పెద్దమనుషుల ముందు నర్సయ్య "నాకు మనసు ఒప్పుతలేదు" అన్నాడట. పిల్ల పేరు ఎత్తలేదు. ఎందుకు అని నలుగురూ నాలుగు రకాలుగా అడిగినా అదొక్క మాటే పట్టుకున్నాడు. రాజేశం నెల రోజులు మూతి ముడుచుకుని, అన్నం వేరే వండుకున్నాడు. ఆ కూర ఆయనకే నచ్చక మళ్లీ అందరితో కలిశాడు. ఇదంతా అంబవ్వ చెప్పిన సమాచారం, ఆమె చెప్పిందంటే నమ్మవచ్చు.

సోమవారం షిఫ్టు దిగి నర్సయ్య షాపుకు వచ్చాడు. ఊరికి తనూ ఒక డిస్కు పంపాలన్నాడు. నా ఫోన్‌ను బల్ల మీద ఆనించి, ఆయనను ఎదురుగా నిలబెట్టాను. బనీను మీద ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఇంట్లో అందరూ వినేలా గట్టిగా చెప్పాడు.

"సంబంధం నేనే వద్దన్న. నాకు నచ్చలేదు. గిండ్ల బిడ్డను ఎవ్వలు ఏమనద్దు."

నేను రికార్డింగ్ ఆపబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. నడిచి ఫోన్ దగ్గరికి వచ్చాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను, తల తిప్పుకోవాలని తోచలేదు. పెదాలు రెండే రెండు మాటలు పలికాయి. నాకు వచ్చిన నాలుగు మాటల్లో అవి ఉన్నాయి.

"ఇనవడ్డది బిడ్డా."